“బిల్లు తియ్యి” అంటే ఏం చేయమని?

అందరికీ నమస్కారం. ‘తీయు’ క్రియతో నాకు ఎదురైన ఒక చిక్కు చెప్తాను, పెద్దలు సాయం చేయండి.

మా పిన్ని విజయవాడలో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు చూసుకోవడానికి 2025లో ఒక ఏఐ ఏజెంటు (కస్టమర్ మెసేజ్ చదివి, తగిన పని తనే చేసే ప్రోగ్రాము) పెట్టాను. అది ఏ పని చేయాలన్నా మనం ఇచ్చిన టూల్స్‌తోనే, అంటే ఒక్కో పనికి రాసిపెట్టిన చిన్న కోడు ముక్కలతోనే చేయాలి. ఒక్కో టూల్‌కీ ఒక పేరు, అది ఏం చేస్తుందో చెప్పే వివరణ, దానికి ఏమేం అందించాలో చెప్పే స్కీమా ఉంటాయి. ఏఐకి టూల్స్ అందించడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ విడుదల చేసిన ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) ప్రమాణంలోనూ ఇదే పద్ధతి. టూల్ లోపలి కోడు ఏజెంటుని నడిపే ఏఐ మోడల్‌కి కనపడదు. మనం రాసిన ఆ నాలుగు ముక్కలు చదివే ఏ టూల్ వాడాలో తేల్చుకుంటుంది.

టూల్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, వివరణలు మాత్రం తెలుగులో రాశాను. కొత్త బిల్లు వేసే టూల్‌కి పిన్ని కొట్లో రోజూ అనే మాటే పెట్టాను: “కస్టమర్‌కి బిల్లు తీస్తుంది.” పాతవి చూపించేదానికి “బిల్లు వివరాలు” అని రెండే రెండు మాటలు రాసి వదిలేశాను.

2025 ఏప్రిల్లో ఒకావిడ అడిగారు: “మొన్న ఉగాదికి తీసుకున్న గోంగూర బిల్లు ఒకసారి తియ్యండి.” ఏజెంటు కొత్త బిల్లు వేసేసింది. కొత్త నంబరు పడింది, స్టాకులో కేజీ తగ్గింది. ఆవిడ కంగారుపడి “నేనేం కొనలేదండీ” అని ఫోన్ చేశారు. ఏజెంటుని తప్పుపట్టలేను. ఆవిడ ‘తియ్యండి’ అన్నారు, నేను ‘తీస్తుంది’ అని రాశాను. రెండూ అచ్చంగా కలిశాయి.

తలుపు తీస్తే తెరవడం. చొక్కా తీస్తే విప్పడం. ఫోటో తీస్తే లేనిది పుట్టడం. బ్యాంకులో డబ్బు తీస్తే ఖాతాలో తగ్గడం. పాత రికార్డు తీస్తే వెతికి బయట పెట్టడం. తలుపా చొక్కానా అని ఎవరూ తడబడరు, పక్కన కర్మ ఉంటుంది కాబట్టి. కానీ ‘బిల్లు’ దగ్గర కర్మ ఉన్నా చాల్లేదు. కొత్తదా పాతదా అన్నది కొట్లో నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు ఇలా మార్చాను: “కొత్త అమ్మకానికి కొత్త బిల్లు తయారుచేస్తుంది. కొత్త నంబరు వేసి, స్టాకులోంచి సరుకు తగ్గిస్తుంది. కస్టమర్ సరుకు, ధర ఒప్పుకున్నాకే వాడాలి. ‘బిల్లు తియ్యండి’ అని పాత కొనుగోలు గురించి అడిగితే దీన్ని వాడకూడదు. పాత బిల్లు వెతికి చూపించే టూల్ వాడాలి.” రెండో టూల్‌కి కూడా ఇంతే వివరంగా రాసి, “దీనివల్ల ఏదీ మారదు” అని చేర్చాను.

ఇలాంటి మాటలు మీకు ఇంకేం తడుతున్నాయి?

వ్యాఖ్య (కరీంనగర్):
అన్నా, ‘తియ్యి’ సంగతి సరే, ఆమె ‘మొన్న’ అన్నది చూసినవా? మొన్న అంటే నిన్నటికి ముందురోజు. ‘మొన్న ఉగాదికి’ అంటే ఈమధ్య పోయిన ఉగాది. నీ టూల్ తేదీ అడిగితే ఏజెంటు ఏం రాయాలె?

జవాబు:
భలే పట్టావు తమ్ముడూ. నేను స్కీమాలో ‘తేదీ’ అని మాత్రమే రాశాను. ఇప్పుడు మార్చాను: “బిల్లు వేసిన రోజు. 2025-03-30 లాగా సంవత్సరం, నెల, రోజు అంకెల్లో. కస్టమర్ ‘మొన్న’ అన్నా, పండగ పేరు చెప్పినా, తేదీ చెప్పి అదేనా అని అడిగి ఖాయం చేసుకోవాలి.”

వ్యాఖ్య:
ఇదంతా ఎందుకండీ, వివరణలు ఇంగ్లీషులో రాస్తే పోలా?

జవాబు:
రాయొచ్చండీ, మోడల్‌కి బాగానే అర్థమవుతుంది. కానీ ‘గెట్ బిల్’ అని రాసినా కొత్తదో పాతదో తేలదు కదా. పైగా ఈ వివరణలు చదివి, తప్పుంటే చెప్పాల్సింది మా పిన్ని. ఆవిడకి తెలుగే వచ్చు.

వ్యాఖ్య (రిటైర్డు తెలుగు పండితులు):
బాబూ, ‘తీయు’ ఒంటరిగా నిలబడితే సందిగ్ధమే. అందుకే వాడుకలో దానికి తోడు క్రియ చేరుతుంది. తీసివేయు, తీసుకొను, తీసియిచ్చు, తీసిపెట్టు. నీ టూల్స్‌ని ఈ నాలుగింటి పక్కన పెట్టి చూసుకో. ఏది ఉంది, ఏది లేదు?

జవాబు:
మాస్టారూ, తీసిపెట్టు లేదు! “రెండు కేజీల మాగాయ తీసిపెట్టండి, సాయంత్రం వస్తాం” అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దానికి టూలే పెట్టలేదు నేను. ఇవాళ రాశాను: “కస్టమర్ పేరు మీద సరుకు పక్కన పెడుతుంది. బిల్లు వేయదు, డబ్బు అడగదు.” పిన్నికి చదివి వినిపించాను. విని, “రాత్రి ఎనిమిదింటి దాకే అని కూడా రాయి, ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం” అంది. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది. చేర్చాను.