పాల్ మోరెల్‌ది ఈడిపస్ కాంప్లెక్సేనా?

నల్లసిరా:
డి.హెచ్. లారెన్స్ 'సన్స్ అండ్ లవర్స్' (1913) నిన్న రాత్రితో అయిపోయింది. నా దగ్గరున్న కాపీలో ముందుమాట నిండా మనోవిశ్లేషకుడు ఫ్రాయిడే, ఆయన చెప్పిన ఈడిపస్ కాంప్లెక్సే: కొడుకు మనసులో తల్లి మీద మోహం, తండ్రి మీద అసూయ. కథానాయకుడు పాల్ ప్రేమలో ఇటు మిరియంతోనూ అటు క్లారాతోనూ నిలవలేకపోవడానికి తల్లితో ముడి తెగకపోవడమే కారణమట. నాకు కనిపించింది మాత్రం ఒక బొగ్గుగని కార్మికుడి ఇల్లు. మొగుడు తాగుతాడు, డబ్బు చాలదు, చదువుకున్న ఇల్లాలు ఆశలన్నీ కొడుకుల మీద పెట్టుకుంది. దీనికి ఇంత పెద్ద పేరెందుకండీ?

రావిచెట్టు:
పొయ్యిలో రొట్టె మాడిన రాత్రి ఏమైందో మళ్లీ చదవండి. మిరియంతో కబుర్లలో పడి పాల్ రొట్టె సంగతే మర్చిపోతాడు. ఆ రాత్రి తల్లి అతని మెడ చుట్టూ చేతులేసి, నాకు నిజంగా మొగుడంటూ ఎప్పుడూ లేడురా అని ఏడుస్తుంది. అంతలో తండ్రి వచ్చి, మళ్లీ మొదలెట్టారా అన్నట్టు ఓ విషపు మాట విసురుతాడు. తండ్రీకొడుకులు పిడికిళ్లు బిగిస్తారు. జీతం పెంచితే ఈ సీను పోతుందా?

నల్లసిరా:
పిడికిళ్లు బిగిసింది ఎక్కడో చూశారా? పాల్ కోసం కొన్న పోర్క్ పై (పంది మాంసం కూరి కాల్చిన వంటకం) ముక్కని తండ్రి తీసుకున్నాడు. ఇంటికి ఇరవై అయిదు షిల్లింగులిచ్చే నీకు ఇది కొనలేదని ఆవిడ దెప్పింది. ఆయన దాన్ని నిప్పుల్లోకి విసిరాడు. అప్పుడు లేచాడు కొడుకు. అసూయ లేదనను, కానీ అది కూడా షిల్లింగుల లెక్కలోంచే వచ్చింది.

పాతపుస్తకం:
లారెన్స్ ఈ నవల మొదలుపెట్టింది 1910లో. ఆ డిసెంబరులోనే తల్లి క్యాన్సర్‌తో పోయింది. ఫ్రాయిడ్ సంగతులు ప్రియురాలు (తర్వాత భార్య) ఫ్రీడా ద్వారా చెవిన పడింది 1912లో, అప్పటికే చాలా రాసేశాడు. అయితే ఆ నవంబరులో ఎడిటర్ గార్నెట్‌కి రాసిన ఉత్తరంలో, ఎదిగిన కొడుకుల్ని తల్లి ప్రేమికులుగా ఎంచుకుంటుందని తనే చెప్పాడు. తీరా 1916లో కట్నర్ అనే విమర్శకుడు ఈ నవల మీద ఫ్రాయిడ్ పద్ధతిలో వ్యాసం రాస్తే మండిపడ్డాడు. కాబట్టి ఆయన సాక్ష్యం మీ ఇద్దరికీ పనికొస్తుంది :)

రావిచెట్టు:
ఆ పోర్క్ పై సంగతి మర్చిపోయాను, ఒప్పుకుంటా. అసలు ఫ్రాయిడ్ లెక్క నాకు తేడా కొట్టేది చివర్లో. గ్రీకు కథలో ఈడిపస్ చంపింది తండ్రిని, పెళ్లాడింది తల్లిని. ఇక్కడ తండ్రి బతికే ఉంటాడు, కొడుకు చేతిలో పోయేది తల్లి. నొప్పితో నలిగిపోతున్న తల్లికి పాల్ మార్ఫియా మాత్రలన్నీ నూరి పాలల్లో కలిపిస్తాడు, అక్క ఆనీకి కూడా తెలుసు. చేదుగా ఉందిరా అంటుంది తల్లి. డాక్టరిచ్చిన కొత్త నిద్రమందమ్మా అంటాడు.