‘ఆల్రెడీ’ అనకుండా ఒక పూట మాట్లాడలేమా?

పెన్నగట్టు (ప్రొద్దుటూరు): నిన్న కడప బస్టాండులో ఒక పిల్లోడు ఫోన్లో అంటాండాడు: ‘యాక్చువల్లీ నేను ఆల్రెడీ బయల్దేరినా, డెఫినెట్లీ వస్తా.’ బస్సు, ఫోను అంటే సరే, ఆ వస్తువులే బయటినుంచి వచ్చినాయి. అసలు, తప్పకుండా అనే మాటలు మనకు లేవా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు): అన్నా, మా ఊళ్లో జల్దీ, బిల్కుల్ అంటాం. మీరు రోజూ వాడే ‘ఆఖరికి’ అరబ్బీ నుంచి వచ్చిందే. కడపలో కొలువు చేసిన బ్రౌన్ దొర తెలుగులో కలిసిన ఇట్లాంటి మాటలకే 1854లో వేరే నిఘంటువు అచ్చేయించినాడు. ఇంగ్లీషుకే ఎందుకు గేటు వేస్తారు? పైగా ‘ఆల్రెడీ’కి సరైన మాట లేదు. ‘బస్సు అప్పుడే పోయింది’ అంటే నేను పోయిన నిమిషానా, అంతకు ముందా?

పెన్నగట్టు: ‘ముందే పోయింది’ అను.

తుంగభద్ర: అది టైముకన్నా ముందు పోయినట్టు అవుతుంది కదా.

పెన్నగట్టు: ‘పోనే పోయింది’ అనండి. మా నాయన అట్లే అనేవాడు. ఇంగేం కావాల?

కొండారెడ్డి బురుజు: అది బస్సుకు సరే. ‘ఆల్రెడీ చెప్పినా’ అనేదానికి?

పెన్నగట్టు: ‘చెప్పే ఉండా.’

ఎర్రనేల (అనంతపురం): సడన్లీ అని ఎవరూ అనరు, సడన్‌గా అంటారు. డైరెక్ట్‌గా, ఫాస్ట్‌గా కూడా అంతే. ‘గా’ తగిలినాక అది మన మాటే.

పెన్నగట్టు: మన మాటేనా? మా అమ్మకు 74 ఏండ్లు. ఆస్పత్రిలో రెండు రకాల మాత్రలిచ్చి ‘ఆల్టర్నేట్‌గా వేసుకోమ్మా’ అన్నారు. ‘గా’ ఉండనే ఉంది. ఆమె రెండూ కలిపి రోజూ మింగి, ఐదోనాడు కండ్లు తిరిగి పడింది. ‘దినం ఇడిసి దినం’ అనింటే పోయేది. అంతమాత్రం చెప్పలేరా? మీకు పదిమందిలో గొప్ప కావాల, అంతే.

సిద్ధవటం: అమ్మ ఇప్పుడెట్లుందన్నా?

పెన్నగట్టు: నిమ్మళంగా ఉంది.

ఎర్రనేల: గొప్ప కోసమా అన్నా? హాస్టల్లో మొదటి వారం, మెస్సుకు పోయేటప్పుడు ‘బిన్నా రాండి’ అని పిలిచినా. గదంతా నవ్వినారు. మూడేండ్లు నన్ను ‘బిన్నా’ అనే పిలిచినారు. ‘త్వరగా’ అందామంటే నా నోట్లో అది పాఠం అప్పజెప్పినట్టు ఉండేది. ‘ఫాస్ట్‌గా రండి’ అంటే ఎవరూ నవ్వలేదు, నాది ఏ జిల్లా అని అడగలేదు. మీరు తెలుగు మాట వాడమంటాండారు. నా తెలుగు మాటను వెక్కిరించింది తెలుగోళ్లే.

కొండారెడ్డి బురుజు: ఇది నిజం. ‘శానా’ అంటే నన్నూ అట్లే చూసినారు.

పెన్నగట్టు: తల్లీ, గొప్ప అన్న మాట వాపసు తీసుకుంటాండా. కానీ వాళ్లు నవ్వినారని మనమే ఇడిచిపెడితే, నీ బిడ్డలకు ‘బిన్నా’ ఎట్లా తెలుస్తుంది?

ఎర్రనేల: ఇంట్లో అదే అంటా అన్నా. ఆఫీసులో మాత్రం నాతో కాదు.