క్లారెండన్ స్కాలర్‌షిప్‌కి రెఫరెన్సులు, స్టేట్‌మెంట్ ఎట్ల? తెలిసినోళ్లు జర చెప్పండి

అన్నలూ అక్కలూ నమస్తే. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతున్న. ఆక్స్‌ఫర్డ్‌ల వాటర్ సైన్స్, పాలసీ అండ్ మేనేజ్‌మెంట్ కోర్సుకు అప్లై చేస్తున్న, ఆక్స్‌ఫర్డ్ వాళ్లిచ్చే క్లారెండన్ స్కాలర్‌షిప్ వస్తేనే పోతా, లేకుంటే ఆ ఫీజు మా ఇంట్ల కట్టే ముచ్చటే లేదు. ఫీజు, ఉండే ఖర్చు రెండూ ఇస్తరు, ఏటా 200 మందికి పైగా తీసుకుంటరు, సపరేట్ ఫారం లేదు, డిసెంబర్ లేదా జనవరి డెడ్‌లైన్ లోపల కోర్సు అప్లికేషన్ వేస్తే చాలు.

నా తిప్పలంతా రెఫరెన్సులతోనే, అంటే సార్లు నా గురించి రాసిచ్చే సిఫారసు లెటర్లతోనే. సార్లేమో నువ్వే రాసుకొస్తే సంతకం పెడ్త అంటున్నరు, గానీ ఆక్స్‌ఫర్డ్ పంపే లింకు నేరుగా సార్ మెయిల్‌కే పోతది, ఆయనే అప్‌లోడ్ చెయ్యాలె. ఒక సార్‌కు జీమెయిల్ తప్ప కాలేజీ మెయిల్ లేదు, నడుస్తదా? మీ మాటల్లనే రాయండి సార్ అని నొచ్చుకోకుండ ఎట్ల అడగాలె?

ఇంకోటి స్టేట్‌మెంట్, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్ననో రాసేది. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్‌తో మా నాయనమ్మ నడుము వంగిపోయింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టిండ్రు, గానీ రోజూ మందు కలుపుడు, అడుగున దిగిన బురద తీసుడు ఊర్లల్ల ఎవరు చేస్తరు? ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లొస్తున్నయి, అయినా ఈ ప్రశ్న మీదనే చదవాలని నాకు గట్టిగ ఉంది. ఇంటి ముచ్చట ఎంత రాయాలె, సైన్స్ ఎంత రాయాలె? ఈ స్కాలర్‌షిప్ వచ్చినోళ్లు ఎవరన్న ఉంటే నా డ్రాఫ్ట్ ఒక్కసారి చూస్తరా?