చర్చ: సగంలో ఆగినవి ముగిసేదాకా కొత్తగుడ్డ మీద కత్తెర పెట్టకూడదా?

దారపుఉండ
అలమర సర్దుతుంటే సగంలో ఆగిన కుట్టుపనులు 11 బయటపడ్డాయి. కాజాలు లేని చొక్కాలు, చేతులు ఎక్కించని కుర్తా, రింగులోనే ఉండిపోయిన నెమలి ఎంబ్రాయిడరీ, కాగితాల మీద షట్కోణాలు కుట్టి వదిలేసిన బొంత. ఇవన్నీ ముగిసేదాకా కొత్తగుడ్డ కొయ్యనని ఒట్టు పెట్టుకుందామనుకుంటున్నా. ఎవరైనా ఇలా చేసి నెగ్గారా?

కత్తెరమాట
నేను చేస్తున్నా, రెండేళ్లయింది. ఒక్కో పనినీ ఒక్కో సంచిలో పెట్టండి. దాని దారం, బాబిన్, బొత్తాలు అన్నీ అందులోనే. పైన ఓ చీటీ: తర్వాత చెయ్యాల్సింది ఏమిటో ఒక్క ముక్కలో. ఏడాది తర్వాత సంచి తెరిస్తే ఎక్కడ ఆపామో గుర్తుండదు, అక్కడే మళ్లీ మూసేస్తాం.
ఇంకోటి, మీ 11లో కాజాల దగ్గర ఆగినవెన్నో లెక్కపెట్టండి. నా అనుభవంలో అది బద్ధకం కాదు, భయం. అంత కష్టపడి కుట్టిన చొక్కాని చివర్లో చేజేతులా కోయాలి కదా! అదే గుడ్డ రెండు మడతలు, మధ్యలో అదే కాన్వాస్ పెట్టి ముక్క మీద ముందు నాలుగు కాజాలు కుట్టి చూడండి. కోసేటప్పుడు కాజా రెండు కొసల్లోనూ గుండుసూది అడ్డం పెడితే రిప్పర్ (కుట్లు కోసే చిన్న పరికరం) జారినా కుట్టు తెగదు.
నెమలిని మాత్రం ఇవాళే రింగులోంచి తీసెయ్యండి. మచ్చ పడుతుంది.

పోగులమ్మ
ఒట్లెందుకండీ? ఇదేమన్నా ఆఫీసు పనా? నా క్రాస్ కటింగ్ (గుడ్డని ఏటవాలుగా కోసిన) స్కర్టు మూడేళ్లుగా హ్యాంగరుకి వేలాడుతోంది. క్రాస్ గుడ్డ బరువుకి సాగుతుంది, అంచు మడిచేముందు వేలాడదీయాలని పుస్తకాల్లోనే ఉంది.

కత్తెరమాట
వేలాడదీయాల్సింది ఒక్కరోజండీ! ఆ తర్వాత వేసుకుని నిలబడితే ఇంకొకరు నేల నుంచి స్కేలుతో సమాన ఎత్తులో గుర్తులు పెట్టాలి. మూడేళ్లు ఏ పుస్తకంలో ఉంది?

పోగులమ్మ
ఒక్కరోజని మీరెలా చెప్తారు? పల్చటి జార్జెట్‌కీ మందపాటి కాటన్‌కీ ఒకటేనా? నేను రెండ్రోజులు ఉంచి కుట్టిన స్కర్టు ఉతికాక మళ్లీ పక్కకి దిగింది.

కత్తెరమాట
గుడ్డ ముందుగా తడిపి ఉండరు. కొత్త కాటన్ ఉతికితే మీటరుకి 3 నుంచి 5 సెంటీమీటర్లు కుదించుకుపోవడం మామూలే, అదీ నిలువుకీ అడ్డానికీ ఒకేలా కాదు. మీ తప్పు వేలాడదీయడంలో లేదు.

బాబిన్ బాధితుడు
మూడేళ్లు వేలాడితే అది స్కర్టు కాదు, కర్టెను.

తొలికుట్టు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నేను వదిలేసిన డిజైను నీలం పెన్ను గీతలు ఇస్త్రీ చేస్తే పోతాయా?

కత్తెరమాట
వద్దు! నీళ్లకి పోయే పెన్నయితే ఇస్త్రీతో గీత అక్కడే పాతుకుపోతుంది. చన్నీళ్లలో ముంచండి. వేడికి చెరిగే పెన్ను వేరు. దాని గీత ఇస్త్రీకి పోతుంది గానీ గడ్డకట్టే చలి తగిలితే మళ్లీ పైకి రావచ్చు.

చరిత్రపోగు
వదిలేసినవాటికీ విలువ ఉందండీ. ఇంగ్లండ్‌లో 1718 నాటి పట్టుముక్కల దుప్పటి ఒకటుంది, కుట్టేటప్పుడు ముక్కల లోపల పెట్టిన కాగితాలు తియ్యలేదు. పాత బొంతల్లో అలా మిగిలిన ఉత్తరాలూ చిట్టాకాగితాలే వాటి కాలాన్ని పట్టిస్తాయి. ఫ్రాన్స్‌లోని బాయూ ఊరి పేరున్న పాతకాలపు తివాచీ కూడా దాదాపు 70 మీటర్లుండి చివర లేకుండానే ఉంది కదా!

కత్తెరమాట
బాయూది కుట్టక ఆగింది కాదు, కుట్టిన చివరిభాగం పోయింది. పైగా అది తివాచీయే కాదు, నారబట్ట మీద ఉన్నిదారంతో ఎంబ్రాయిడరీ. సాకులకి చరిత్ర తోడు తెచ్చుకోవద్దు.

పోగులమ్మ
సాకులా? మీకు ప్రతిదీ సాకే. సంచులు, చీటీలు... ఇక్కడ ఎవరు అడుగుపెట్టినా పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతారు.

కత్తెరమాట
అవును, దిద్దుతా. ఎందుకో తెలుసా? మా అక్క నా కూతురికి గౌను కుడతానంది. పాప పుట్టకముందే దాని మీద స్మాకింగ్ (గుడ్డని సన్న మడతలుగా పోగేసి పైన కుట్టే పని) మొదలెట్టింది. పాపకిప్పుడు ఆరేళ్లు. ప్రతి పండక్కీ "అయిపోవచ్చింది" అనేది. మీలాంటివాళ్లు "ఆఫీసు పనా" అంటారు. అవతల ఎదురుచూసేవాళ్ల సంగతి?

పోగులమ్మ
మీరు ఎదురుచూసినవారు. నేను కుట్టినదాన్ని.
14 నెలలు కుట్టానండీ ఒక దుప్పటి, చేత్తో. గొలుసుకుట్టే ఆరు తీగలు, ఆకులకి కాడకుట్టు. ముగించి ఇచ్చాను. మళ్లీ వాళ్లింటికి వెళ్తే దాంతో స్కూటరు సీటు తుడుస్తున్నారు. నా ముందే. ఎవర్నీ ఏమనలేదు, మంచినీళ్లు తాగి వచ్చేశా.
ముగిసినది చూడగానే "ఇది ఎవరికి?" అంటారు. సగంలో ఉన్నదాన్ని ఎవరూ అడగరు. స్కర్టు వేలాడుతున్నన్నాళ్లూ అది నాది.

బాబిన్ బాధితుడు
కర్టెను మాట వెనక్కి తీసుకుంటున్నానండీ.

కత్తెరమాట
ముగించండి, ఇవ్వకండి. అంతేగా?

పోగులమ్మ
మీ ఇంట్లో "ఇవ్వను" అంటే చెల్లుతుందేమో. సరే గానీ, ఆ గౌను ఎందుకు ఆగిందో మీ అక్కని ఎప్పుడైనా అడిగారా?

కత్తెరమాట
లేదు.
గౌను ఇప్పుడు నా దగ్గరే ఉంది. పోయినేడాది అక్క సంచితో సహా ఇచ్చేసింది. స్మాకింగ్ బావుంది, మడతలు ఒక్కటీ తప్పలేదు. చీటీ మాత్రం నేనింకా రాయలేదు.

తొలికుట్టు
చన్నీళ్లలో ముంచా, గీతలు పోయాయి. థాంక్సండీ.

దారపుఉండ
లెక్కపెట్టా. 11లో 4 కాజాల దగ్గరే ఆగాయి. రింగు తీశా, నెమలి తోక చుట్టూ గుండ్రంగా మచ్చ. నానబెట్టా, చూడాలి. కాజాల సాధనకి పాత ముక్క దొరక్క కొత్తగుడ్డ అంచు కోసేశా. ఒట్టు ఇంకా పెట్టుకోలేదు కాబట్టి తప్పేం లేదనుకుంటా.