మా పార్కులో చెట్ల బాట వేస్తున్నాం, బోర్డుల మీద ఏం రాయాలి?

మా మున్సిపల్ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లం కొందరం కలిసి, గైడ్ లేకుండా ఎవరికి వాళ్లే చెట్లు చూసుకుంటూ తిరిగేలా ఒక బాట వేద్దామనుకుంటున్నాం. లెక్కపెడితే నలభై రకాలు తేలాయి. అన్నిటికీ బోర్డులు కావాలని కొందరు, క్యూఆర్ కోడ్ అంటిస్తే చాలని కొందరు. ఇలాంటివి చేసినవాళ్లు, కనీసం నడిచి చూసినవాళ్లు చెప్పండి.

లాల్‌బాగ్ పక్కింటివాణ్ణి
నలభై వద్దండి. బెంగళూరులో లాల్‌బాగ్ 240 ఎకరాలు, చుట్టాలొస్తే నేనే తిప్పుతాను. మొదట్లో ప్రతి చెట్టు పేరూ చదివి చెప్పేవాణ్ణి, పదోది దాటాక ఎవరూ వినేవాళ్లు కాదు. ఇప్పుడు ఏడెనిమిది చోట్లే ఆగుతాం. కెంపేగౌడ గోపురం ఉన్న బండ దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిదని చెప్పి అరచెయ్యి ఆనించమంటే, పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. తాకడానికో వాసన చూడడానికో ఏదో ఒకటి ఉన్నచోటే ఆపండి.

బోటనీ టీచర్
శాస్త్రీయ నామం కింద చిన్నగా వేసి, పైన చూసి కనిపెట్టే పని ఇవ్వండి. నాగమల్లి దగ్గర "పువ్వులు కొమ్మల చివర ఉన్నాయా, మానుకే పూశాయా?" అని అడిగితే చాలు, తల దానంతటదే పైకెత్తుతారు. నిద్రగన్నేరుకైతే "సాయంత్రం మళ్లీ రండి, ఆకులు ముడుచుకుంటాయి" అని రాయండి. మోదుగ, రేల పూసేది కొన్ని వారాలే కాబట్టి వాటి బోర్డులు మార్చుకునేలా ఉండాలి.

దయచేసి చెట్టుకు మేకులు మాత్రం కొట్టకండి. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే, అక్కడ గాయమైతే పురుగూ తెగులూ చేరతాయి. పక్కన గుంజ పాతి దానికి బిగించండి.

వీల్‌చెయిర్‌తో తిరిగేవాళ్ల తరఫున
అమ్మను తీసుకుని ఒక తోటకు వెళ్తే దారి చీలే చోట బాణం గుర్తు లేదు, సగం దూరం పోయాక మెట్లు వచ్చాయి, మిట్టమధ్యాహ్నం ఎండలో వెనక్కి తోసుకుంటూ వచ్చాను. ఎంతసేపు పడుతుంది, బెంచీలూ నీళ్లూ ఎక్కడ, మెట్లున్నాయా అనేది గేటు దగ్గరి మొదటి బోర్డు మీదే రాయండి. తిరిగి అదే గేటుకు చేరాలి. క్యూఆర్ కోడ్ అదనంగా ఉంటే మంచిదే కానీ ఫోన్ లేనివాళ్లకు కూడా బోర్డు ఒక్కటే సరిపోవాలి.

ప్రశ్న అడిగినవాణ్ణి
అందరికీ థ్యాంక్స్. ఎనిమిది చెట్లకు కుదించాం. బోర్డులు చేయించే ముందు అట్టముక్కల మీద రాసి గుంజలకు కట్టి, ఈ ఆదివారం పార్కు ఎప్పుడూ చూడని నలుగురు పిల్లల్ని వాళ్లంతట వాళ్లే నడవమంటాం. ఎక్కడ తప్పిపోతారో దూరం నుంచి చూసి వచ్చి చెప్తాను.