గుంటూరులో నిశ్చితార్థం: రవ్వ ఉంగరం ఊళ్లో కొనాలా, ఆన్‌లైన్‌లోనా?

షార్లట్ నుంచి, సొంతూరు గుంటూరు అరండల్‌పేట:

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి ఏడు నెలలైంది. సంబంధం కుదిరింది, మాఘమాసంలో గుంటూరులో నిశ్చితార్థం. అమ్మాయి వాళ్లది విజయవాడ. పెళ్లయ్యాక తనూ ఇక్కడికే వస్తుంది. ఒంటి రాయి రవ్వ ఉంగరం పెట్టాలని నా కోరిక. పాతికేళ్లుగా మా ఇంటికి నగలు చేస్తున్న కొట్లోనే తీసుకుందామని అమ్మ అంటోంది. ఆన్‌లైన్‌లో సగం ధరకే వస్తుందని రూమ్మేట్లు అంటున్నారు. రాళ్ల గురించి నాకు ఏమీ తెలియదు. కొన్నవాళ్లు ఎవరైనా దయచేసి చెప్పండి.

ఎడిసన్ నుంచి, సొంతూరు గుంటూరు బ్రాడీపేట:

తమ్ముడూ, ముందుగా శుభాకాంక్షలు. నా సంగతి చెప్తాను, అందులోనే నీకు కావలసింది చాలా వరకు ఉంది.

నా నిశ్చితార్థం ఉంగరం విజయవాడలో ఒక పెద్ద కొట్లో కొన్నాం. అర క్యారెట్ రాయి. బిల్లు మీద క్యారెట్ బరువు వేసి, పక్కన వీవీఎస్ (లోపలి మచ్చలు లూప్‌లో కూడా కష్టంగా దొరికే మేలురకం) అని చేత్తో రాసిచ్చారు. కొట్టాయన మా నాన్నకి కాఫీ తెప్పించి, మా అందరి పేర్లూ అడిగి, ఎంతో మర్యాద చేశాడు. ఐదేళ్ల తర్వాత ఇక్కడ ఇన్సూరెన్స్ కోసం రాళ్లు పరీక్షించే ఒక జెమాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఉంగరం శుభ్రం చేసి, లూప్ నా చేతికే ఇచ్చి చూడమంది. పదింతలు పెద్దగా చూపించే ఆ చిన్న అద్దంలో, రాయి నడిమికి కొంచెం ఎడంగా ఆవగింజలో సగం కూడా లేని నల్లచుక్క, దాని పక్కనే కోడి ఈక లాంటి తెల్లటి గీత. వీవీఎస్ అయితే అలవాటు లేని నా కంటికి అంత తేలిగ్గా దొరకదు. అది ఎస్ఐ రాయి, వీవీఎస్ కంటే కింది రకం. మామూలుగా చూస్తే మెరుపులో ఏ లోపమూ లేదు, రాయి చెడ్డదనీ అనను. కానీ మా నాన్న కట్టింది వీవీఎస్ ధర. కొట్టుకి ఫోన్ చేస్తే సర్టిఫికెట్ చూపించమన్నారు. అసలు వాళ్లు ఇస్తే కదా! నాన్నకి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: ఆ రాయికి గ్రేడ్ వేసింది ఎవరు? అమ్మేవాడే వేస్తే అది గ్రేడ్ కాదు, బేరం. జీఐఏ అని రాళ్లకి గ్రేడ్ వేసే సంస్థ అమెరికాలో 1931 నుంచి ఉంది, దానికి అమ్మకాలతో సంబంధం లేదు. దాని రిపోర్టుకి ఒక నంబరు ఉంటుంది. చాలా రాళ్లకి ఆ నంబరునే నడుము అంచు మీద లేజర్‌తో చెక్కుతారు. జీఐఏ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే బరువు, రంగు, క్లారిటీ (లోపలి మచ్చలు ఎంత తక్కువో), కట్ (సానపట్టిన తీరు), కొలతలు అన్నీ కనపడతాయి. ఐజీఐ అనే ఇంకో ల్యాబ్ రిపోర్టులు కూడా మన దగ్గర బాగా నడుస్తాయి. కొట్టు తన సొంత లెటర్‌హెడ్ మీద ఇచ్చే అట్టముక్కని మాత్రం లెక్కలోకి తీసుకోకు.

మన పెద్దవాళ్లు పొరపాటుపడే చోటు ఇంకొకటి ఉంది. "హాల్‌మార్క్ ఉందమ్మా" అనగానే నిశ్చింతగా ఉంటారు. హాల్‌మార్క్ బంగారానికే. 18 క్యారెట్లదైతే 750 అని, దానితోపాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ గుర్తింపు నంబరు, ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొట్టి చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. కానీ అది రాయి గురించి ఒక్క మాట కూడా చెప్పదు.

మీ అమ్మగారు "బ్లూ జాగరేనా?" అని తప్పకుండా అడుగుతారు. మా అమ్మ అడిగింది, మా అత్తగారూ అడిగారు. దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫౌంటైన్ గనిలో దొరికిన నీలిఛాయ రాళ్లకి వచ్చిన పేరు అది. ఇప్పుడది అమ్మకంలో వాడే మాటగా మిగిలింది, ఏ రిపోర్టులోనూ ఆ గ్రేడ్ ఉండదు. రిపోర్టులో ఫ్లోరోసెన్స్ (అతినీలలోహిత కాంతిలో రాయి వెలిగే తీరు) అని ఒక వరస ఉంటుంది, అది చూడు. నన్ అనో ఫెయింట్ అనో ఉంటే బెంగలేదు. స్ట్రాంగ్ బ్లూ అని ఉంటే రాయిని ఎండలో చూసి తీరాలి, కొన్ని రాళ్లు పాలు కలిపినట్టు మసకగా కనపడతాయి. అమ్మకి ఇదంతా ఓపిగ్గా చెప్పు. ఆవిడ కోరుకునేది మంచి రాయి, ఆవిడకి తెలిసిన పేరు అది.

ఇక ఊరా, ఆన్‌లైనా? ప్రపంచంలో రవ్వల్లో చాలా భాగం సానపట్టేది మన సూరత్‌లోనే. నువ్వు షార్లట్‌లో ఆర్డర్ పెడితే, సూరత్‌లో సానపట్టిన రాయి అమెరికా వచ్చి, మళ్లీ నీ జేబులో కూర్చుని గుంటూరు వెళ్తుంది. విడి రాయిగా తీసుకెళ్తే అక్కడ కస్టమ్స్‌కి డిక్లేర్ చేసి సుంకం కట్టాలి. పైగా ఆన్‌లైన్ వాళ్లిచ్చే వాపసు గడువు రాయి నీ ఇంటికి చేరిన రోజు నుంచే మొదలవుతుంది. నువ్వు ఊరెళ్లి, అందరూ చూసి, అమ్మాయి వేలికి పెట్టేసరికి అది అయిపోతుంది.

కాబట్టి ఆన్‌లైన్‌ని ధర తెలుసుకోవడానికి వాడుకో. బరువు, రంగు, క్లారిటీ, కట్ ఇవ్వగానే అలాంటి రాళ్లు వందల్లో ధరలతో సహా వస్తాయి. పది చూస్తే నడుస్తున్న ధర నీకు అర్థమైపోతుంది. తర్వాత అమ్మ చెప్పిన కొట్టాయనకి ఫోన్ చేసి, జీఐఏ రిపోర్టు ఉన్న రాళ్లు మూడు ముంబై నుంచో సూరత్ నుంచో తెప్పించమని అడుగు. వ్యాపారంలో ఉన్నవాళ్లకి అది మామూలే. జాంగడ్ అంటారు: సరుకు తెప్పించి చూపిస్తారు, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే తిప్పి పంపేస్తారు. ముందుగా నంబర్లు తెప్పించుకుని నువ్వే చూసుకో. ఇక్కడి ధర కంటే కాస్త ఎక్కువ చెప్పినా నేనైతే ఇస్తాను, రేపు రాయిని పట్టి ఉంచే గోరు విరిగితే సరిచేసేది ఆయనే. మరీ ఎక్కువైతే నంబరు చూపించి మర్యాదగా అడుగు. పాత ఖాతాని పోగొట్టుకోవాలని ఏ కొట్టూ అనుకోదు.

ఏ రాయి అంటావా, కట్‌లో రాజీ పడకు. గుండ్రటి రాయికి ఎక్సలెంట్ కట్ ఉండాలి, మెరుపంతా అందులోనే ఉంది. పచ్చబంగారంలో పొదిగేటప్పుడు అన్నిటికంటే తెల్లనివైన డి రంగు, ఈ రంగు అని డబ్బు పోయొద్దు. కాస్త కిందివైన జీ, హెచ్ తెల్లగానే కనపడతాయి. క్లారిటీ వీవీఎస్‌కీ ఎస్ఐకీ మధ్యలో ఉండే వీఎస్2 చాలు. బరువులో ఒక కిటుకు ఉంది: పూర్తి క్యారెట్ దగ్గర ధర ఒక్కసారిగా పైకి లేస్తుంది. క్యారెట్‌లో వందో వంతు సెంటు. 90 సెంట్ల రాయి అడ్డం 6.2 మిల్లీమీటర్లు, 100 సెంట్లది 6.5. వేలి మీద ఆ తేడా ఎవరూ పట్టలేరు.

డల్లాస్ నుంచి, సొంతూరు విజయవాడ గవర్నర్‌పేట:

బాబూ, ఎడిసన్ అమ్మాయి చెప్పినదంతా సరైనదే. నేను మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను, పోయినేడు వాడికి ఉంగరం నేనే దగ్గరుండి తీసుకున్నాను.

నీ స్నేహితులు చెప్పిన సగం ధర ల్యాబ్‌లో తయారుచేసిన రాయిది అయ్యుంటుంది. అదీ కార్బనే, అదీ వజ్రమే, మోసమేమీ లేదు. కాకపోతే ల్యాబ్ రాయి అని చెప్పి అమ్మాలి, నువ్వు తెలిసి కొనాలి. కొట్లో పెన్ను లాంటి టెస్టర్ పెట్టి కుయ్‌మనిపిస్తే రెండింటికీ కుయ్‌మంటుంది, దాన్నిబట్టి తేల్చుకోలేవు. రిపోర్టు చూడాల్సిందే. 2025 నుంచి జీఐఏ ల్యాబ్ రాళ్లకి డి, ఈ అనే అక్షరాల గ్రేడ్లు మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అని మాత్రమే రాస్తోంది. ఈ నాలుగైదేళ్లలో వాటి ధర బాగా పడిపోయింది, తిరిగి అమ్మితే వచ్చేది స్వల్పం. భూమిలోంచి తీసిన రాయికైనా కొన్నంత వెనక్కి రాదు, అది ఆస్తి అనుకుని కొనొద్దు. కొట్టువాళ్లు "ఎప్పుడైనా మార్చుకోండి" అంటే ఎంత శాతానికి, దేని మీద అన్నది బిల్లు మీద రాయించుకో.

ఇంకొక మాట. కొన్ని ఇళ్లలో వజ్రం పడాలి అంటారు, శుక్రుడి రాయి కదా. నీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, వియ్యాలవారిని ముందే అడగమని మీ అమ్మగారితో చెప్పు. పళ్లేలు పట్టుకొచ్చి తాంబూలాలు మార్చుకునే రోజున ఆ మాట రాకూడదు.

మీ గుంటూరువాళ్లకి ఇది తెలిసే ఉంటుంది, అయినా చెప్పాలనిపించింది. కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనుల్లోనే కోహినూరు దొరికిందంటారు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చి, చూసినదంతా రాసిపెట్టాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది. ఆ నేల పిల్లాడు రాయి కొనడానికి బెదరకూడదు బాబూ.

షార్లట్ నుంచి:

అక్కా, అంకుల్ గారూ, చాలా చాలా థాంక్స్. అమ్మ కొట్టాయనతో మాట్లాడింది. జీఐఏ రాళ్లు తెప్పిస్తానన్నారట, రెండు నంబర్లు పంపారు. అమ్మాయి వాళ్లింట్లో వజ్రానికి అభ్యంతరం లేదన్నారు. ఇంకో రెండు సందేహాలు. తన వేలి కొలత ఎలా తీసుకోవాలి? ఇక్కడ ఒక షాపు వడ్డీ లేకుండా ఏడాది వాయిదాలు ఇస్తామంటోంది, ఆ దారి ఎప్పుడైనా మంచిదేనా?

ఎడిసన్ నుంచి:

వాయిదాల జోలికి పోకు తమ్ముడూ. వాటిలో చాలావాటికి ఏడాది లోపల చివరి డాలరు వరకు తీరకపోతే మొదటి రోజు నుంచి వడ్డీ వేస్తారు. కొత్తగా వచ్చినవాడివి, క్రెడిట్ హిస్టరీ ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. ఉన్నంతలో కొను. 70 సెంట్ల రాయి కూడా నిండుగా ఉంటుంది.

వేలి కొలతకి అమెరికా నంబర్లు, మన నంబర్లు వేరు, నంబరు చెప్తే తప్పు వస్తుంది. తను ఎడమచేతి ఉంగరం వేలికి ఇప్పుడు పెట్టుకుంటున్న ఉంగరం ఏదైనా ఉంటే, లోపలి అడ్డాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి చెప్పమను. ఉంగరం లేకపోతే విజయవాడలో ఏ కొట్లోనైనా కొలత రింగులు ఉంటాయి, సాయంత్రం పూట వెళ్లమను, పొద్దునకంటే వేళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. మెటిక దాటేటప్పుడు కొంచెం బిగుతుగా ఉండాలి. మాఘంలో సరిపోయింది మే నెల గుంటూరు ఎండకి బిగుస్తుంది, అందుకని కాస్త పెంచే వీలున్న డిజైన్ చేయించు. చుట్టూ రాళ్లు పొదిగితే పెంచడం కష్టం.

రాయి వెనక మూసేసి కట్టొద్దని చెప్పు. మన పాత దుద్దులకి అలా చేసేవాళ్లు, ఉంగరానికి వెనక తెరిచి ఉంటేనే కాంతి ఆడుతుంది, సబ్బు మురికి పట్టినా కడుక్కోవచ్చు. బిల్లులో మొత్తం బరువులోంచి రాయి బరువు తీసేసి, మిగిలిన బంగారం మీదే తరుగు, మజూరీ వేయాలి. రాయి బరువులో ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. దానిపైన 3 శాతం జీఎస్టీ. 2 లక్షలు దాటితే పాన్ అడుగుతారు, అంత నగదు తీసుకోకూడదు కూడా, ఎన్ఆర్ఐగా ఇండియాలో నీకున్న ఎన్ఆర్ఈ బ్యాంకు ఖాతాలోంచి నేరుగా కట్టు. రిపోర్టు నంబరు బిల్లులోనే రాయించు. తను ఇక్కడికి వచ్చాక నీ రెంటర్స్ ఇన్సూరెన్స్‌కి (అద్దె ఇంట్లో సామాను బీమా) నగల కవర్ విడిగా చేర్చేటప్పుడు ఆ బిల్లే అడుగుతారు.

ఒక్క పని మాత్రం అమ్మ చేత చేయించు. పొదగకముందు ఒకసారి, పొదిగాక ఒకసారి లూప్ పెట్టి అంచు మీద నంబరు చదవమను. గోరు కిందకి పోకుండా నంబరు బయటికి కనపడేలా కట్టమని ఆచారి గారికి ముందే చెప్పాలి. అమ్మ కళ్లజోడు తీసి, లూప్‌ని కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని, రాయినే మెల్లగా ముందుకీ వెనక్కీ జరపాలి. మొదట ఏమీ కనపడదు, రెండు నిమిషాలు పడుతుంది. తొందరపడొద్దని చెప్పు.

ఆ రెండు నంబర్లూ నాకు విడిగా పంపు. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక చూస్తాను.