దాటు స్వరాలా, ధాతు స్వరాలా?

కావలి నుంచి ప్రశ్న: మా అమ్మాయి సంగీతం పుస్తకంలో ‘ధాతు స్వరాలు’ అని ఉంది. వాళ్ల టీచరుగారు మాత్రం ‘దాటు స్వరాలు’ అంటారు. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

నెల్లూరు నుంచి జవాబు: టీచరుగారి మాటే సరైనదండి. సంగీతంలో ‘ధాతువు’ వేరే ఉంది: రచనలో స్వరభాగం ధాతువు, సాహిత్యభాగం మాతువు. ‘దాటు’ అచ్చతెలుగు మాట. పెన్న దాటి కోవూరు వెళ్లామంటే మధ్యలో ఏరు ఉందనే కదా అర్థం! అలాగే మధ్య స్వరాలను వదిలి, వాటి మీదుగా దూకుతూ పాడే అభ్యాసాలే దాటు స్వరాలు.

మొదటి వరుస చూడండి: స మ గ మ రి గ స రి. స నుంచి మ కి వెళ్లేటప్పుడు రి, గ గొంతులో పలకవు, మనసులో పలకాలి. అలా మనసులో పలక్కుండా ఎగిరి పంచమం (ప) మీద పడే పిల్లలు ఎందరో.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. దాటు అనేది స్వరాల వరుసను బట్టి, దూరాన్ని బట్టి కాదు. పిల్లలు ఈ పాఠాలు పాడే మాయామాళవగౌళ రాగంలో స, రి ల మధ్య ఒక్క స్వరస్థానం (హార్మోనియం మీద పక్క మెట్టు) దూరం. రి, గ ల మధ్య మూడు. అంత దూరమైనా రి గ దాటు కాదు, అవి పక్కపక్క స్వరాలు. అదే వరుసలో మ నుంచి రి కి, గ నుంచి స కి దిగడం మాత్రం దాట్లే. రెండింటికీ దూరం సరిగ్గా నాలుగు స్థానాలు. ఆ రెండూ విడిగా పాడించి, ‘ఒకే దూరమా, వేరా?’ అని అమ్మాయిని అడగండి. చెవి తయారయ్యేది అక్కడే.

కావలి: చాలా సంతోషమండి. హార్మోనియం వాయిస్తూ పాడించవచ్చా?

నెల్లూరు: వెంట వాయించకండి, గొంతు మెట్టు మీద ఆనుకుంటుంది. శ్రుతిపెట్టెలో స, ప మాత్రం మోగనివ్వండి. ముందు స రి గ మ నెమ్మదిగా, తర్వాత రి, గ లోపలే అనుకుంటూ స మ. పాడాకే మెట్టు నొక్కి సరిచూడండి. నాట్యశాస్త్రం 9 లేదా 13 శ్రుతుల (స్వరస్థానం కన్నా చిన్న కొలత) దూరంలో ఉన్న స్వరాలను సంవాదులు, అంటే ఒకదానితో ఒకటి బాగా కలిసే స్వరాలు, అంది. స మ 9, స ప 13. అందుకే ఈ రెండు దాట్లూ త్వరగా పట్టుబడతాయి. మ నుంచి రి కి దిగడమే ఆలస్యం అవుతుంది, అమ్మాయిని తొందరపెట్టకండి.